పీసీఓఎస్ ఉన్నవారికి విటమిన్ డి: ఏ పరీక్ష ముందు, ఎంత మోతాదు, ఎంతవరకు ఆశ

మా చెల్లెలు ఒక రాత్రి తన రక్తపరీక్ష కాగితాన్ని ఫొటో తీసి పంపింది. "అక్కా, విటమిన్ డి 45 వచ్చింది. 30 దాటితే చాలన్నారు కదా, బాగున్నట్టేనా?" అని అడిగింది. ఫొటోను పెద్దది చేసి చూశాను. అంకె పక్కన చిన్న అక్షరాల్లో ఉన్న కొలమానం మిల్లీలీటరుకు నానోగ్రాములు కాదు, లీటరుకు నానోమోల్స్. 30 అనే హద్దు చెప్పే లెక్కలోకి మారిస్తే అది 18. అంటే తక్కువే.

తనకు పీసీఓఎస్ (పాలీసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్, అంటే హార్మోన్లు, నెలసరి గాడి తప్పే సమస్య) అని తేలి అప్పటికి నాలుగేళ్లు. ఆ నాలుగేళ్లలో విటమిన్ డి పరీక్ష రెండుసార్లు చేయించుకుంది. గ్లూకోజు నీళ్లు తాగి చేసే చక్కెర పరీక్ష మాత్రం ఒక్కసారి కూడా చేయించుకోలేదు. చేయించుకోమని ఎవరూ చెప్పలేదు.

ఈ రెండో సంగతే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. విటమిన్ డి తక్కువగా ఉంటే సరిదిద్దుకోవలసిందే, అందులో సందేహం లేదు. అయితే దాన్నే పీసీఓఎస్‌కు మందుగా భావించి, చక్కెరను, రక్తపోటును, కొవ్వులను చూసుకోకుండా ఏళ్లు గడిపేసే అమ్మాయిలు చాలామంది ఉన్నారు. అందుకే ఈ మార్గదర్శిలో విటమిన్ డి పరీక్ష మూడో అడుగు, మొదటిది కాదు.

పీసీఓఎస్‌కూ విటమిన్ డికీ సంబంధం ఎక్కడ?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన అంచనా ప్రకారం సంతానోత్పత్తి వయసులో ఉన్న స్త్రీలలో 8 నుంచి 13 శాతం మందికి పీసీఓఎస్ ఉంటుంది. పేరులో అండాశయం ఉన్నా, చాలామందిలో కథ నడిపించేది ఇన్సులిన్. కండరాలు, కాలేయం ఇన్సులిన్ మాటను సరిగా వినకపోతే (దీన్నే ఇన్సులిన్ నిరోధకత అంటారు) క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్‌ను విడుదల చేస్తుంది. చిక్కంతా ఇక్కడే ఉంది: కండరం వినకపోయినా అండాశయం మాత్రం వింటూనే ఉంటుంది. ఆ అదనపు ఇన్సులిన్ ప్రభావంతో అది పురుష హార్మోన్లను ఎక్కువగా తయారుచేస్తుంది. మరోవైపు, ఆ హార్మోన్లను రక్తంలో పట్టి ఉంచే ప్రొటీన్‌ను కాలేయం తక్కువగా తయారుచేస్తుంది. దాంతో స్వేచ్ఛగా తిరిగే టెస్టోస్టిరాన్ పెరుగుతుంది. మొటిమలు, గడ్డం మీద రోమాలు, తలపై జుట్టు పలచబడటం, నెలసరి తప్పడం ఆ తర్వాత వస్తాయి. సన్నగా ఉన్నవారిలోనూ ఇది జరుగుతుంది. "నేను లావుగా లేను కాబట్టి నాకు చక్కెర పరీక్ష అక్కర్లేదు" అనుకోవడం పొరపాటు.

ఇక విటమిన్ డి పేరుకు విటమినే గానీ, పనితీరు హార్మోను లాంటిది. సూర్యకాంతి తగిలినప్పుడు చర్మంలో తయారై, కాలేయంలో ఒకసారి, మూత్రపిండాల్లో మరోసారి మార్పు చెంది, అప్పుడు పనిలోకి దిగుతుంది. దాన్ని అందుకునే గ్రాహకాలు ఎముకలు, పేగుల్లోనే కాదు, క్లోమంలోని బీటా కణాల్లో, కండరాల్లో, అండాశయాల్లో కూడా ఉన్నాయి. కాబట్టి విటమిన్ డి తగ్గితే ఇన్సులిన్ పని కూడా కుంటుపడుతుందేమో అన్న ఆలోచన సహజంగానే వచ్చింది.

ఆ ఆలోచన ఎంతవరకు నిలబడింది? పీసీఓఎస్ ఉన్నవారిలో విటమిన్ డి లోపం తరచుగా కనిపిస్తుందన్నది నిజం. అయితే దానిలో కొంత భాగానికి కారణం బరువు. విటమిన్ డి కొవ్వులో కరుగుతుంది. ఒంట్లో కొవ్వు ఎక్కువగా ఉంటే అది ఎక్కువ చోటికి పరుచుకుని రక్తంలో పలచబడుతుంది. 2013లో వెలువడిన ఒక పెద్ద జన్యు అధ్యయనం ఈ దిశను తేల్చింది: బరువు పెరగడం విటమిన్ డిని తగ్గిస్తుంది. విటమిన్ డి తగ్గడం వల్ల బరువు పెరుగుతుందనడానికి మాత్రం అందులో చెప్పుకోదగ్గ ఆధారం దొరకలేదు. అందుకే "డి సరిచేసుకుంటే బరువు దానంతటదే తగ్గుతుంది" అనే మాటను నమ్మకండి.

పీసీఓఎస్ ఉన్నవారికి విటమిన్ డి ఇచ్చి చూసిన పరీక్షల్లో ఎక్కువ భాగం చిన్నవి, కొన్ని నెలలపాటు నడిచినవి. కొన్నింటిలో ఇన్సులిన్ నిరోధకత కొద్దిగా తగ్గింది, కొన్నింటిలో తేడా లేదు. మధుమేహానికి ముందు దశలో ఉన్న 2,423 మందిపై జరిగిన డీటూడీ అనే పెద్ద పరీక్ష ఫలితాలు 2019లో వచ్చాయి. రోజుకు 4,000 యూనిట్ల చొప్పున సుమారు రెండున్నరేళ్లు ఇస్తే మధుమేహం వచ్చే అవకాశం 12 శాతం తక్కువగా కనిపించింది గానీ, అది యాదృచ్ఛికం కాదని గణాంకపరంగా చెప్పగలిగేంత తేడా కాదు. పాల్గొన్నవారిలో ఎక్కువమందికి మొదట్లోనే లోపం లేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఇవన్నీ చూశాక నా అభిప్రాయం ఇది: లోపం ఉన్నవారికి సరిదిద్దుకోవడం వల్ల మేలు ఉంది, ఖర్చూ కష్టమూ తక్కువ. లోపం లేనివారు మోతాదు పెంచుకుంటూ పోవడం వల్ల పీసీఓఎస్ తగ్గదు.

మొదటి అడుగు: నిర్ధారణ సరైనదేనా?

స్కానింగులో చిన్న బుడగలు కనిపించినంత మాత్రాన పీసీఓఎస్ అయిపోదు. 2003లో రాటర్‌డ్యామ్‌లో కుదిరిన ప్రమాణాల ప్రకారం మూడింటిలో రెండు ఉండాలి: నెలసరి క్రమం తప్పడం, పురుష హార్మోన్లు ఎక్కువైన గుర్తులు లేదా రక్తంలో దానికి ఆధారం, స్కానింగులో ఆ బుడగల రూపం. పెద్దవాళ్లలో స్కానింగుకు బదులుగా ఏఎంహెచ్ (అండాశయాల నుంచి వచ్చే ఒక హార్మోను) రక్తపరీక్షను 2023 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు అనుమతించాయి. థైరాయిడ్, ప్రొలాక్టిన్ సమస్యలు లేవని చూసుకున్నాకే ఈ పేరు పెట్టాలి. మీ దస్తావేజుల్లో ఈ వివరాలు లేకపోతే డాక్టరును అడగండి.

రెండో అడుగు: చక్కెర, కొవ్వులు, రక్తపోటు, నడుము

పీసీఓఎస్ అని తేలిన రోజునే ఈ నాలుగింటినీ చూసుకోవాలి. వీటిలో అందరూ దాటవేసేది గ్లూకోజు పరీక్ష కాబట్టి, దాని గురించి వివరంగా చెబుతాను.

పరగడుపు చక్కెర మామూలుగా ఉండి, తిన్న తర్వాత చక్కెర పెరిగే రకం పీసీఓఎస్‌లో ఎక్కువ. పరగడుపు పరీక్ష ఒక్కటే చేయిస్తే అది దొరకదు. అందుకే 75 గ్రాముల గ్లూకోజు తాగి రెండు గంటల తర్వాత చేసే పరీక్ష అన్నింటికన్నా నమ్మదగినదని మార్గదర్శకాలు చెబుతున్నాయి. దీనికి ముందు మూడు రోజులు మామూలుగా తినండి. పరీక్ష ఉందని పిండిపదార్థాలు మానేస్తే ఫలితం తప్పుగా, ఎక్కువగా రావచ్చు. రాత్రి కనీసం ఎనిమిది గంటలు ఏమీ తినకుండా ఉదయాన్నే వెళ్లండి. మొదట ఒకసారి రక్తం తీస్తారు. తర్వాత ఇచ్చే తియ్యటి నీళ్లను ఐదు నిమిషాల్లో తాగేయాలి. కొందరికి వికారం వస్తుంది, చల్లగా ఉంటే తాగడం కాస్త సులువు. ఆ రెండు గంటలూ కూర్చునే ఉండాలి. నడక, టిఫిను, కాఫీ వద్దు. మధ్యలో వాంతి అయితే చెప్పండి, పరీక్ష మరో రోజు చేయాలి.

రెండు గంటల అంకె 140 లోపు ఉంటే సరే. 140 నుంచి 199 వరకు మధుమేహానికి ముందు దశ. 200 లేదా ఆపైన మధుమేహం. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ అయితే 5.7 నుంచి 6.4 వరకు ముందు దశ, 6.5 నుంచి మధుమేహం. గ్లూకోజు నీళ్లు ఎంతకీ తాగలేనివారికి ఇది ప్రత్యామ్నాయం. అయితే రక్తహీనత ఉంటే ఈ అంకె దారి తప్పించవచ్చు. ఇన్సులిన్ స్థాయి కొలిపించుకోమని కొందరు సలహా ఇస్తారు. రోజువారీ వైద్యంలో ఆ పరీక్ష అవసరం లేదు, ఆ డబ్బు గ్లూకోజు పరీక్షకు పెట్టండి.

కొవ్వుల పరీక్షలో రెండు అంకెలు ముఖ్యంగా చూడండి: ట్రైగ్లిజరైడ్లు 150 దాటకూడదు, మంచి కొలెస్ట్రాల్ 50కి తగ్గకూడదు. రక్తపోటు ఏడాదికి ఒకసారైనా చూపించుకోవాలి. నడుము కొలత మీరే తీసుకోవచ్చు. చివరి పక్కటెముకకు, తుంటి ఎముక పై అంచుకు సరిగ్గా మధ్యలో టేపు చుట్టి, పొట్ట లోపలికి లాక్కోకుండా, ఊపిరి వదిలాక చూడండి. 88 సెంటీమీటర్లు, ఆసియా మూలాలున్న స్త్రీలకైతే 80, జాగ్రత్తపడవలసిన హద్దు. మెడ వెనుక, చంకల్లో చర్మం నల్లగా, మందంగా మారి ఉంటే అది మురికి కాదు, ఇన్సులిన్ నిరోధకతకు గుర్తు. ఎంత రుద్దినా పోదు. రుద్ది రుద్ది చర్మం పాడుచేసుకున్నవారిని చూశాను.

మూడో అడుగు: విటమిన్ డి పరీక్ష సరిగా చేయించుకోవడం

అడగవలసిన పరీక్ష పేరు 25-హైడ్రాక్సీ విటమిన్ డి. 1,25-డైహైడ్రాక్సీ అనే మరొకటి ఉంది. పేరు గొప్పగా ఉన్నా లోపం తెలుసుకోవడానికి పనికిరాదు. నిల్వలు తగ్గినప్పుడు కూడా శరీరం దాన్ని మామూలుగానో, ఇంకా ఎక్కువగానో ఉంచుతుంది. పరగడుపున ఉండనవసరం లేదు.

రక్తం ఇచ్చే ముందు రెండు విషయాలు చూసుకోండి. ఈ రెండూ పీసీఓఎస్ ఉన్నవారికి ప్రత్యేకంగా తగులుతాయి.

మొదటిది బయోటిన్ అనే బి విటమిన్. జుట్టు రాలుతోందని చాలామంది బయోటిన్ మాత్రలు వాడుతుంటారు. వాటిలో అది మామూలు అవసరానికి వందల రెట్లు ఉండవచ్చు. కొన్ని ల్యాబుల యంత్రాలు బయోటిన్ ఆధారంగానే పనిచేస్తాయి. రక్తంలో అది ఎక్కువైతే విటమిన్ డి, టెస్టోస్టిరాన్ ఉన్నదానికన్నా ఎక్కువగా, థైరాయిడ్‌కు చూసే టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువగా కనిపించవచ్చు. ఒక్క మాత్ర వల్ల మూడు పరీక్షలు తారుమారు. కనీసం రెండు మూడు రోజుల ముందే ఆపి, ల్యాబులో ఆ సంగతి చెప్పండి. మల్టీవిటమిన్ సీసా వెనుక కూడా చదవండి, అందులోనూ ఉండవచ్చు.

రెండోది నెలసరి క్రమబద్ధం చేయడానికి వాడే హార్మోన్ మాత్రలు. వాటిలోని ఈస్ట్రోజెన్ విటమిన్ డిని మోసే ప్రొటీన్‌ను పెంచుతుంది, దాంతో పరీక్షలో అంకె కొంత పైకి వస్తుంది. మాత్రలు మానేశాక అంకె తగ్గితే కొత్తగా ఏదో జరిగిందని కంగారుపడకండి. మాత్రలు వాడుతుండగా చేసిన పరీక్ష, మానేశాక చేసిన పరీక్ష నేరుగా పోల్చదగినవి కావు.

అదే రక్తంతో కాల్షియం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా చూడమనండి. చక్కెరకు ఇచ్చే మెట్‌ఫార్మిన్ అనే మందు చాలాకాలంగా వాడుతుంటే బి12 కూడా చూడాలి. ఆ మందు బి12ను తగ్గించగలదు. నీరసం, అరికాళ్లలో మంటలు, తిమ్మిర్లు అన్నింటినీ విటమిన్ డి ఖాతాలో వేసేసి బి12ను మరచిపోవడం తరచుగా జరిగే తప్పు.

నాలుగో అడుగు: అంకెను చదవడం

ముందు కొలమానం చూడండి. లీటరుకు నానోమోల్స్ అని ఉంటే 2.5తో భాగించండి, మిల్లీలీటరుకు నానోగ్రాములు వస్తాయి. మా చెల్లెలి 45 అలాగే 18 అయింది.

మిల్లీలీటరుకు 12 నానోగ్రాముల కన్నా తక్కువైతే స్పష్టమైన లోపం. 12 నుంచి 20 మధ్య సరిపోకపోవచ్చు. 20 దాటితే ఎక్కువమందికి ఎముకల ఆరోగ్యానికి సరిపోతుందని అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ చెప్పింది. మరి 30 ఎక్కడిది? 2011లో ఎండోక్రైన్ సొసైటీ అనే హార్మోన్ నిపుణుల సంస్థ పెట్టిన లక్ష్యం అది. 2024లో విడుదల చేసిన కొత్త మార్గదర్శకాల్లో ఆ సంస్థే ఆ లక్ష్యాన్ని పక్కనపెట్టింది. ల్యాబు కాగితాల మీద మాత్రం చాలాచోట్ల 30 అలాగే ఉంది. అందుకే 26 వచ్చినవారికి కూడా ఎర్ర అక్షరాల్లో హెచ్చరిక కనిపిస్తుంది. 26 చూసి నిద్ర పాడుచేసుకోనవసరం లేదు.

ఐదో అడుగు: మోతాదు

పెద్దవారికి రోజువారీ అవసరం 600 యూనిట్లు, అంటే 15 మైక్రోగ్రాములు. 40 యూనిట్లు ఒక మైక్రోగ్రాము. సీసా మీద ఏ లెక్క ఉన్నా ఇలా మార్చుకోవచ్చు. వైద్యుల పర్యవేక్షణ లేకుండా రోజుకు 4,000 యూనిట్లు దాటకూడదు. లోపం లేనివారు, పరీక్ష చేయించుకోలేనివారు 600 నుంచి 1,000 మధ్య వాడుకుంటే చాలు.

లోపం తేలితే డాక్టర్లు రెండు దారుల్లో ఒకటి ఎంచుకుంటారు: రోజూ వేసుకునే మాత్ర, లేదా వారానికొకసారి పెద్ద మోతాదు. 2011 నాటి మార్గదర్శకాల్లో వారానికి 50,000 యూనిట్ల చొప్పున ఎనిమిది వారాలు, ఆ తర్వాత రోజుకు 1,500 నుంచి 2,000 యూనిట్లు అని ఉంది. బరువు చాలా ఎక్కువగా ఉన్నవారికి రెండు మూడు రెట్లు అవసరం కావచ్చని కూడా అందులోనే ఉంది. ఒక ఉజ్జాయింపు లెక్క: రోజుకు 1,000 యూనిట్లు వాడితే కొన్ని నెలల్లో రక్తంలో 7 నుంచి 10 నానోగ్రాములు పెరుగుతుంది. బరువు ఎక్కువైతే అంతకన్నా తక్కువ.

మర్చిపోకుండా ఉండగలిగితే రోజూ వేసుకునేదే మేలని నా అభిప్రాయం. వారానికొకసారి వేసుకునేదాన్ని పొరపాటున రోజూ వేసుకున్నవారు ఉన్నారు. ఇది చిన్న తప్పు కాదు, ఏడింతల మోతాదు. వారం మాత్రే అయితే క్యాలెండర్ మీద ఎనిమిది తేదీలకు ముందే సున్నాలు చుట్టి, వేసుకున్న రోజున ఒక్కొక్కటీ కొట్టేయండి. ఏడాదికోసారి ఇచ్చే భారీ మోతాదు జోలికి మాత్రం వెళ్లకండి. 70 దాటిన స్త్రీలకు ఏటా ఒకేసారి 5 లక్షల యూనిట్లు ఇచ్చి చూసిన ఒక పరీక్షలో పడిపోవడం, ఎముకలు విరగడం తగ్గకపోగా పెరిగాయి. ఆ ఫలితం 2010లో వచ్చింది.

విటమిన్ డిలో డి2, డి3 అని రెండు రకాలున్నాయి, వాటిలో డి3 రక్తంలో స్థాయిని బాగా పెంచి నిలుపుతుంది. జంతు సంబంధమైనవి వద్దనుకునేవారికి లైకెన్ నుంచి తీసిన డి3 దొరుకుతుంది. కొంచెం నూనె లేదా నెయ్యి ఉన్న భోజనంతో వేసుకుంటే ఒంటికి బాగా పడుతుంది. ఖాళీ కడుపున టీతో వేసుకోవడం మానండి.

కిడ్నీలో రాళ్లు, కిడ్నీ జబ్బు, సార్కాయిడోసిస్, రక్తంలో కాల్షియం ఎక్కువ ఉన్నవారు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు. థయాజైడ్ రకం రక్తపోటు మందులు, డిగాక్సిన్ వాడేవారు కూడా అంతే. మూర్ఛకు వాడే కొన్ని మందులు, స్టెరాయిడ్లు, బరువు తగ్గడానికి వాడే ఆర్లిస్టాట్ విటమిన్ డిని తగ్గిస్తాయి. మోతాదు మితిమీరితే వచ్చే గుర్తులు: తీరని దాహం, మాటిమాటికీ మూత్రం, వికారం, మలబద్ధకం, మతిమరుపు లాంటి అయోమయం. ఇవి కనిపిస్తే మాత్ర ఆపి వెంటనే కాల్షియం పరీక్ష చేయించుకోండి.

ఆరో అడుగు: ఎండ, ఆహారం

మీ నీడ మీ ఎత్తుకన్నా పొట్టిగా ఉన్నప్పుడే విటమిన్ డి తయారుచేసే కిరణాలు నేలకు బాగా చేరుతున్నాయని అర్థం. తెల్లవారుజామున, సాయంత్రం వచ్చే లేత ఎండలో హాయి ఉంటుంది గానీ విటమిన్ డి పెద్దగా రాదు. ఆ కిరణాలు గాజు దాటలేవు కాబట్టి కిటికీ పక్కన కూర్చున్నా లాభం లేదు. చర్మం రంగు ముదురైన కొద్దీ ఎక్కువ సేపు కావాలి. చర్మం కమిలేదాకా ఉండకండి. ముఖాన నల్ల మచ్చలు ఉన్నవారు ముఖాన్ని కాపాడుకుని చేతులకు, కాళ్లకు ఎండ తగలనివ్వండి. ఆహారంలో కొవ్వున్న చేపలు, గుడ్డు పచ్చసొన, విటమిన్ డి కలిపిన పాలు, ఎండ తగిలిన పుట్టగొడుగులు ఉపయోగపడతాయి. ఒక పచ్చసొనలో దాదాపు 40 యూనిట్లే ఉంటుంది కాబట్టి ఉన్న లోపాన్ని ఆహారం ఒక్కటే తీర్చడం కష్టం.

ఏడో అడుగు: ఇన్సులిన్‌ను నిజంగా కదిలించేవి

కండరం పనిచేసినప్పుడు ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే చక్కెరను లోపలికి లాక్కుంటుంది. పీసీఓఎస్‌లో వ్యాయామానికి అంత విలువ అందుకే. వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, దానితోపాటు వరుసగా కాకుండా రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం చేయాలి. బరువు ఏమాత్రం తగ్గకపోయినా ఇన్సులిన్ పని మెరుగుపడుతుంది. ఈ మాట నేను మళ్లీ మళ్లీ చెబుతాను, ఎందుకంటే తూనిక చూసి నిరాశపడి మానేసేవారే ఎక్కువ. బరువు ఎక్కువగా ఉన్నవారిలో అయిదు శాతం తగ్గినా నెలసరిలో తేడా కనిపించవచ్చు. ఫలానా ఆహార పద్ధతే పీసీఓఎస్‌కు గొప్పదని ఇంతవరకు తేలలేదు, మీరు ఏళ్ల తరబడి పాటించగలిగేదే మంచిది.

చక్కెర ముందు దశలో ఉంటే మెట్‌ఫార్మిన్ గురించి డాక్టరుతో మాట్లాడండి. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి ఒకటి రెండు వారాలకోసారి పెంచుకుంటూ వెళితే కడుపు ఇబ్బందులు తగ్గుతాయి. ఇదే దశలో ఉన్నవారికి జీవనశైలి మార్పులతో పాటు విటమిన్ డి కూడా ఇవ్వవచ్చని ఎండోక్రైన్ సొసైటీ 2024 మార్గదర్శకాలు సూచించాయి. గట్టిగా గురక, పగలంతా మగత ఉంటే నిద్రలో ఊపిరి ఆగే సమస్య ఉందేమో చూపించుకోండి, పీసీఓఎస్‌లో అది ఎక్కువ. మనసు కుంగినట్టున్నా చెప్పండి, అది కూడా ఈ జబ్బులో భాగంగానే చూడవలసిన విషయం.

ఎనిమిదో అడుగు: మళ్లీ పరీక్ష ఎప్పుడు?

లోపానికి మందు మొదలుపెట్టాక మూడు నెలలకు ముందు పరీక్ష చేయిస్తే అంకె ఇంకా కుదురుకోదు. వీలైతే అదే ల్యాబులో చేయించండి, యంత్రం మారితే అంకె మారుతుంది. ఒకసారి సరైన స్థాయికి వచ్చి, మోతాదు మారకుండా ఉంటే మాటిమాటికీ చేయించనవసరం లేదు. చక్కెర పరీక్షను మాత్రం మీకున్న ముప్పును బట్టి ఏడాది నుంచి మూడేళ్లకోసారి చేయించాలి. గర్భం కోసం ప్రయత్నించేవారు ముందుగానే చేయించుకుని, ఎంత విటమిన్ డి వాడుతున్నారో ప్రసూతి వైద్యురాలికి చెప్పండి.

మా చెల్లెలు మూడు నెలలు రోజుకు 2,000 యూనిట్లు వేసుకుంది. 18 ఉన్నది 31 అయింది. ఆ వారమే గ్లూకోజు పరీక్ష కూడా చేయించుకుంది. పరగడుపున 92, రెండు గంటలకు 163. "డి బాగుపడింది కదక్కా, మరి ఇదేమిటి?" అని అడిగింది. ఇప్పుడు మెట్‌ఫార్మిన్ వాడుతోంది, వారానికి రెండు రోజులు బరువులెత్తుతోంది. తర్వాతి గ్లూకోజు పరీక్ష తేదీని క్యాలెండర్ మీద తనే రాసుకుంది.